నిర్మాణ డ్రాయింగుల నిర్వహణ

నిర్మాణ డ్రాయింగుల నిర్వహణ అంటే కట్టడానికి సంబంధించిన ప్రతి డ్రాయింగుకూ ఒక సంఖ్య ఇచ్చి, అందులో వచ్చిన ప్రతి మార్పునూ నమోదు చేసి, పని జరిగే చోటికి తాజా ప్రతిని చేర్చి, పాత ప్రతిని అక్కడి నుంచి తీసివేసే పద్ధతి. ఈ నాలుగింటిలో మొదటి మూడూ పెద్ద సంస్థల్లో ఏదో ఒక మేరకు జరుగుతూనే ఉంటాయి. తరచూ తప్పిపోయేది నాలుగోది. కట్టిన గోడను పగలగొట్టడం, పోసిన స్లాబుకు కోర్ కటింగ్ చేయించడం, బిగించిన పైపును ఊడదీసి పక్కకు జరపడం వంటి రీవర్కు వెనక చాలాసార్లు ఉండేది తప్పుగా గీసిన డ్రాయింగు కాదు. ఒకప్పుడు సరైనదే అయి, తర్వాత మారిపోయి, ఇంకా ఎవరి చేతిలోనో మిగిలిపోయిన డ్రాయింగు.

డ్రాయింగు ప్రయాణం

ఒక అపార్టుమెంటుకు ఆర్కిటెక్టు ప్లాన్లు, ఎలివేషన్లు, సెక్షన్లు గీస్తారు. పునాది, కాలమ్, బీమ్, స్లాబ్ వివరాలు స్ట్రక్చరల్ ఇంజనీరు ఇస్తారు. కరెంటు, ప్లంబింగ్, ఫైర్, లిఫ్టు పనులవారి డ్రాయింగులు వేరు. ఇవన్నీ వేర్వేరు ఆఫీసుల్లో తయారైనా ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఉంటాయి. మునిసిపల్ అనుమతికి సమర్పించిన ప్లాన్ ఒకటి, టెండరుకు జత చేసినది మరొకటి, సైటులో పని చేయడానికి ఇచ్చేది ఇంకొకటి. ఈ మూడోదాని మీద 'గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్' అన్న ముద్ర ఉంటుంది. సైటు భాషలో అది జీఎఫ్‌సీ డ్రాయింగు. ఆ ముద్ర లేని కాగితం చూసి ఇనుము కట్టకూడదు.

డ్రాయింగు కుడివైపు అడుగున టైటిల్ బ్లాకు ఉంటుంది. పని పేరు, డ్రాయింగు సంఖ్య, స్కేలు, తేదీ, గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు, రివిజన్ సంఖ్య అందులోనే కనిపిస్తాయి. మొదటిసారి విడుదలైనది ఆర్0 అయితే, మారినకొద్దీ ఆర్1, ఆర్2 అని పెరుగుతుంది. మారిన భాగం చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీసి, పక్కన చిన్న త్రికోణంలో రివిజన్ సంఖ్య వేస్తారు. ఏ తేదీన ఏం మారిందో రివిజన్ పట్టికలో రాస్తారు. 'జనరల్ రివిజన్' అని రాసి వదిలేసిన పట్టిక ఎవరికీ పనికిరాదు. 'సీ4 కాలమ్ 300 మిల్లీమీటర్లు తూర్పుకు జరిగింది' అని రాస్తేనే సైటు ఇంజనీరు దేన్ని ఆపాలో తెలుసుకుంటాడు. ఇంకా తేలని భాగం మీద 'హోల్డ్' అని రాసి విడుదల చేయడం మంచి అలవాటు. తేలిన పని సాగుతుంది, తేలనిది ఆగుతుంది.

విడుదలైన డ్రాయింగులన్నీ రిజిస్టరులో ఎక్కుతాయి. ఏ సంఖ్య, ఏ రివిజన్, ఎన్ని ప్రతులు, ఎవరికి, ఏ రోజు అన్నది ట్రాన్స్‌మిటల్ అనే పంపిణీ పత్రం మీద సంతకంతో నమోదవుతుంది. కొత్తది తీసుకునేవారు పాతది తిరిగి ఇవ్వాలి. వెనక్కి వచ్చిన పాత ప్రతుల్లో ఒకదాని మీద 'సూపర్‌సీడెడ్' అని అడ్డంగా ముద్ర వేసి ఆఫీసులో దాచి, మిగతావి చించేయాలి. ఆ ఒక్కటీ దాచేది పని కోసం కాదు, రేపు బిల్లుల దగ్గర తగువు వస్తే ఏ రోజున ఏ డ్రాయింగు అమల్లో ఉందో చూపడానికి.

డ్రాయింగులో సందేహం వస్తే సైటు నుంచి రాతపూర్వకంగా అడిగే ప్రశ్నను ఆర్‌ఎఫ్‌ఐ అంటారు. ప్రమాదం ఇక్కడ నిశ్శబ్దంగా మొదలవుతుంది. జవాబు ఈమెయిల్లోనో ఫోన్లోనో వస్తుంది, పని సాగిపోతుంది, డ్రాయింగు మాత్రం మారదు. తర్వాతి అంతస్తుకు వచ్చిన కొత్త ఇంజనీరుకు ఆ జవాబు సంగతి తెలియదు. అతను డ్రాయింగులో ఉన్నట్టే కట్టిస్తాడు. ఆర్‌ఎఫ్‌ఐకి వచ్చిన ప్రతి జవాబూ తర్వాతి రివిజన్‌లో చేరాలి. చేరేదాకా అమల్లో ఉన్న ప్రతి మీద ఎర్ర సిరాతో రాసి ఉండాలి.

కాంక్రీటు పోసే ముందు నింపే పోర్ కార్డు ఈ వ్యవస్థలో చివరి కాపలా. షటరింగ్, ఇనుము, కరెంటు పైపులు, ప్లంబింగ్ స్లీవులు చూసినవారు అందులో విడివిడిగా సంతకాలు చేస్తారు. ఆ కార్డులో డ్రాయింగు సంఖ్యతో పాటు రివిజన్ కూడా రాసి, దాన్ని ఆ ఉదయమే రిజిస్టరుతో పోల్చి చూస్తే చాలా నష్టం అక్కడే ఆగిపోతుంది. దీనికయ్యే ఖర్చు ఏమీ లేదు.

నీలి కాగితం నుంచి ఫోన్ దాకా

1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఇనుప లవణాల సాయంతో నీలిరంగు ప్రతులు తీసే సయనోటైప్ పద్ధతిని కనిపెట్టాడు. ట్రేసింగ్ కాగితం మీది గీతలు వెలుతురు సోకిన నీలి కాగితం మీద తెల్లగా తేలేవి. బ్లూప్రింట్ అన్న పేరు అలా పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం నడుమకు వచ్చేసరికి దాని స్థానాన్ని డయాజో ప్రతులు ఆక్రమించాయి. మన ఆఫీసుల్లో అమ్మోనియా ప్రింట్లు అని పిలిచినవి ఇవే. 1982 చివర ఆటోక్యాడ్ వచ్చింది. తర్వాత ప్లాటర్లు, ఆపై పీడీఎఫ్‌లు.

ఈ చరిత్రలో రీవర్కుకు సంబంధించిన ముఖ్యమైన మలుపు ఒకటుంది. అమ్మోనియా ప్రింటు తీయాలంటే అసలు ట్రేసింగు కావాలి, యంత్రం కావాలి, ఘాటైన వాసన భరించాలి. అందుకే ప్రతులు కొన్నే ఉండేవి, వాటి లెక్క తెలిసేది. పీడీఎఫ్‌కు ఆ అడ్డు లేదు. వాట్సాప్ గ్రూపులో పడిన డ్రాయింగు క్షణంలో ఇరవై ఫోన్లలోకి చేరుతుంది. ఆ ఫోన్ల నుంచి దాన్ని వెనక్కి రప్పించే ట్రాన్స్‌మిటల్ లేదు. మూడు వారాల తర్వాత మేస్త్రీ గ్యాలరీలో వేలితో పైకి జరుపుతూ వెతికితే ముందు కనిపించేది తాజా ప్రతే అన్న హామీ కూడా లేదు.

ప్రింటు సైజు మరో ఉచ్చు. ఏ1 కాగితానికి గీసిన డ్రాయింగును ఏ3లో ముద్రిస్తే గీతల పొడవు సరిగ్గా సగమవుతుంది. 1:100 అని రాసి ఉన్నది నిజానికి 1:200 అవుతుంది. అందుకే డ్రాయింగు మీద స్కేలు పెట్టి కొలవకూడదు, రాసిన కొలతే చెల్లుతుంది అన్న నియమం వచ్చింది.

మార్పు ఒకచోట ఆగదు

డ్రాయింగు మారితే దాని మీద ఆధారపడిన పత్రాలన్నీ మారాలి. సైటులో ఇనుము కోసేది స్ట్రక్చరల్ డ్రాయింగు చూసి కాదు, దాని నుంచి తయారు చేసిన బార్ బెండింగ్ షెడ్యూలు చూసి. డ్రాయింగు ఆర్2కు వచ్చినా షెడ్యూలు ఆర్1 దగ్గరే ఉండిపోతే, ఆఫీసు గోడ మీద తాజా డ్రాయింగు వేలాడుతున్నా రాడ్లు పాత పొడవుతోనే తెగుతాయి. తనిఖీకి వచ్చినవారు డ్రాయింగు రివిజన్ చూసి తృప్తి పడి వెళ్లిపోతారు.

ఈ తప్పుకు చరిత్రలో పెద్ద మూల్యం చెల్లించిన కట్టడాల్లో ఒకటి కెనడాలోని క్యూబెక్ వంతెన. సెయింట్ లారెన్స్ నది మీద ఈ ఇనుప వంతెన ప్రధాన స్పానును 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు. డ్రాయింగుల్లో పొడవు పెరిగింది. వంతెన సొంత బరువు లెక్కలు మాత్రం సకాలంలో తిరిగి వేయలేదు. అసలు బరువు అంచనాను దాటిందని తెలిసేసరికి చాలా ఉక్కు తయారైపోయింది. బిగించిన భాగాలు వంగుతున్నాయని సైటు నుంచి కబురు వెళ్లాక, న్యూయార్కులో ఉన్న సలహా ఇంజనీరు థియొడోర్ కూపర్ ఇక బరువు ఎక్కించవద్దని తంతి పంపాడు. అది ఉక్కు తయారీ సంస్థ ఆఫీసుకు చేరింది గానీ, పని ఆపమన్న మాట వంతెన దగ్గరికి వేళకు అందలేదు. 1907 ఆగస్టు 29 సాయంత్రం దక్షిణపు సగం కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. వారిలో 33 మంది కానవాకే ప్రాంతపు మోహాక్ ఆదివాసులు. మారిన కొలత ఒకచోట, మారని లెక్క మరోచోట, చేరని కబురు మధ్యలో: డ్రాయింగుల నిర్వహణ అడ్డుకోవాల్సిన మూడు వైఫల్యాలూ ఈ ఒక్క ప్రమాదంలో ఉన్నాయి.

ముద్ర వేసినవారి బాధ్యత

ఇంజనీరు డిజైన్ డ్రాయింగు ఆధారంగా తయారీదారు గీసే వివరమైన డ్రాయింగును షాప్ డ్రాయింగు అంటారు. ఉక్కు ముక్కలు, లిఫ్టులు, గాజు తలుపులు, ఏసీ డక్టులు దీని ప్రకారమే తయారవుతాయి. తయారీదారు తన సౌకర్యం కోసం చేసిన చిన్న మార్పు ఇందులోనే దూరుతుంది. అందుకే ఇంజనీరు దీన్ని సరిచూసి ముద్ర వేయాలి.

అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో రెండో, నాలుగో అంతస్తుల నడకవంతెనలు పైకప్పు నుంచి ఇనుప కడ్డీలతో వేలాడేవి. మొదటి ఆలోచన ప్రకారం ఒకే పొడవైన కడ్డీ రెండు వంతెనలనూ దాటుతూ కిందికి దిగాలి. అంత పొడవునా మరలు చెక్కడం కష్టమని తయారీ దశలో దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. పై కడ్డీ నాలుగో అంతస్తు వంతెనను మోస్తుంది, రెండో అంతస్తు వంతెన ఆ నాలుగో అంతస్తు దూలానికి వేలాడుతుంది. కాగితం మీద చిన్న మార్పే. కానీ నాలుగో అంతస్తు దూలం కింద నట్టు మీద పడే బరువు రెట్టింపైంది. మొదటి డిజైనే నియమావళి కోరిన బలంలో 60 శాతం దాకానే మోయగలిగేది. మార్పుతో అది దాదాపు సగానికి పడిపోయింది. షాప్ డ్రాయింగుల మీద ఇంజనీరు సంస్థ ముద్ర ఉంది, కానీ ఆ జాయింటుకు ఎవరూ లెక్క కట్టలేదు. మార్పుకు ఫోన్లో ఆమోదం అడిగామని తయారీదారులు చెప్పారు, అలాంటి ఫోన్ రాలేదని ఇంజనీర్లు అన్నారు. 1981 జూలై 17 రాత్రి ఆ వంతెనలు కూలి 114 మంది ప్రాణాలు పోయాయి. బాధ్యులైన ఇద్దరు ఇంజనీర్ల లైసెన్సులు మిజోరీ రాష్ట్రం రద్దు చేసింది.

ఫోన్లో అడిగిన ఆమోదం ఆమోదం కాదు అన్న నియమం ఎందుకు అంత కఠినంగా ఉండాలో చెప్పడానికి ఈ ఉదంతం ఒక్కటి చాలు. రివిజన్ సంఖ్య, ముద్ర, సంతకం ఉన్నంత మాత్రాన డ్రాయింగు నిర్వహణ జరిగినట్టు కాదు. ఏం మారిందో చదివినవారు ఉండాలి.

డ్రాయింగు కన్నా ముందు పరుగెత్తిన పని

సిడ్నీ ఒపేరా హౌస్ పునాది పనులు 1959 మార్చిలో మొదలయ్యాయి. అప్పటికి పైకప్పు పెంకులను ఏ జ్యామితితో కట్టాలో ఇంకా తేలలేదు. రాజకీయ మద్దతు సడలకముందే పని మొదలవ్వాలని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం తొందరపడింది. ఆర్కిటెక్టు యార్న్ ఉట్జన్, ఆరప్ సంస్థ ఇంజనీర్లు పెంకులన్నిటినీ ఒకే గోళం నుంచి కోసిన భాగాలుగా రూపొందించే పరిష్కారానికి రావడానికి మరో రెండేళ్లకు పైగా పట్టింది. తీరా చూస్తే, కింద అప్పటికే కట్టిన పోడియం కాలమ్‌లు ఆ బరువు మోయలేవు. వాటిని తిరిగి కట్టాల్సి వచ్చింది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనాతో మొదలైన కట్టడం 10 కోట్ల 20 లక్షల డాలర్లతో 1973లో ముగిసింది. పెరిగిన ఖర్చుకు కారణాలు అనేకం. అయితే తేలని డ్రాయింగుతో పునాది వేయడం వాటిలో తొలిది.

డ్రాయింగులు పూర్తిగా వచ్చాకే పని మొదలుపెట్టాలనడం పెద్ద ప్రాజెక్టుల్లో ఎప్పుడూ సాధ్యం కాదు. సాధ్యమయ్యేది ఒకటుంది: పైన ఇంకా తేలనిది కింద దేన్ని మార్చగలదో ముందే రాసుకుని, ఆ భాగాలకు 'హోల్డ్' పెట్టడం.

కొన్నిసార్లు డ్రాయింగులు రెండూ తాజావే అయినా వాటి మూలం వేరవుతుంది. జర్మనీ, స్విట్జర్లాండ్ మధ్య రైన్ నది మీద లౌఫెన్‌బర్గ్ వంతెన కడుతుండగా 2003లో రెండు వైపుల మట్టాలకూ 54 సెంటీమీటర్ల తేడా బయటపడింది. ఒక దేశం ఎత్తులను ఉత్తర సముద్ర మట్టం నుంచి, మరో దేశం మధ్యధరా మట్టం నుంచి కొలుస్తాయి. వాటి మధ్య 27 సెంటీమీటర్ల తేడా ఉందని అందరికీ తెలుసు. సవరణ చేసినప్పుడు కూడాల్సినచోట తీసివేయడంతో అది రెట్టింపైంది. లెవెల్ ఏ బెంచ్‌మార్కు నుంచి తీసుకున్నదో ప్రతి డ్రాయింగు మీదా రాసి ఉండాలనేది ఇందుకే.

రీవర్కు ఖర్చు ఎలా పెరుగుతుంది

పాత డ్రాయింగుతో చేసిన పని వెంటనే బయటపడదు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల దాకా ఉన్న స్లాబుకు ఆసరా కర్రలు 7 రోజులు, అంతకన్నా పెద్ద స్పానుకు 14 రోజులు ఉంచాలి. టాయిలెట్ సంకన్ స్లాబ్ తప్పుచోట పడిందని ప్లంబర్ కిందికి వచ్చి చూసేది షటరింగ్ విప్పాకే. అప్పటికి పై అంతస్తు కాలమ్‌లు లేచి ఉంటాయి. కాంక్రీటు చిప్పింగ్ చేయాలి, తెగిన ఇనుము స్థానంలో రంధ్రాలు చేసి రసాయన జిగురుతో కొత్త రాడ్లు నాటాలి, మళ్లీ పోసి మళ్లీ నీళ్లు కట్టాలి. అంతసేపూ కిరాయి షటరింగ్ ఖాళీగా ఉంటుంది, టైల్స్ వాళ్లు మరో సైటుకు వెళ్లిపోతారు. చిప్పింగ్ కూలీ ఈ నష్టంలో చిన్న భాగమే. కోర్ కటింగ్‌లో బీము ఇనుము తెగితే ఆ నష్టాన్ని ఏ బిల్లులోనూ చూపలేం.

అమెరికాలో ఎఫ్‌ఎంఐ, ప్లాన్‌గ్రిడ్ సంస్థలు 2018లో విడుదల చేసిన నివేదిక అక్కడి రీవర్కులో 48 శాతానికి తప్పుడు సమాచారం, సమాచారం అందకపోవడం కారణమని, ఏడాదికి దాని విలువ 3,100 కోట్ల డాలర్లకు పైమాటేనని అంచనా కట్టింది. ప్లాన్‌గ్రిడ్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ కాబట్టి ఆ అంకెను కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. దిశ మాత్రం సైటులో పనిచేసినవారెవరికీ కొత్త కాదు.

ప్రమాణాలు, ఒప్పందాలు

2018లో వచ్చిన ఐఎస్‌ఓ 19650 ప్రమాణం ప్రాజెక్టు సమాచారమంతా ఒకే ఉమ్మడి నెలవులో ఉండాలంటుంది. ప్రతి ఫైలూ అక్కడ నాలుగు స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది: తయారీలో ఉన్నది, ఇతర బృందాలు చూడటానికి పంచినది, వాడుకకు విడుదలైనది, భద్రపరిచిన పాతది. బ్రిటన్ పద్ధతిలో ప్రాథమిక ప్రతికి పీ అక్షరంతో, ఒప్పంద ప్రతికి సీ అక్షరంతో రివిజన్ సంఖ్య మొదలవుతుంది కాబట్టి సంఖ్య చూడగానే అది పనికి పనికొస్తుందో లేదో తెలుస్తుంది. సైటు గేటు దగ్గరి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ డ్రాయింగు ఇంకా అమల్లో ఉందో లేదో చెప్పే ఏర్పాట్లు ఇప్పుడు ఉన్నాయి. అంతర్జాతీయ ఫిడిక్ ఒప్పందాలు డ్రాయింగుల, మార్పుల ప్రతులను సైటులో ఉంచే బాధ్యతను కాంట్రాక్టరు మీద పెడతాయి. డ్రాయింగు ఆలస్యమైతే అడిగే హక్కును కూడా కాంట్రాక్టరుకే ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన ఇవేవీ అమలు కావు. ఏ డ్రాయింగు అమల్లో ఉందో చెప్పగల ఒక మనిషిని డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పెట్టి, అతను ఇచ్చినదే తప్ప మరేదీ సైటులో వాడకూడదని చెప్పే అధికారం అతనికి ఇవ్వాలి. చిన్న కాంట్రాక్టర్లు మొదట తగ్గించుకునే జీతం ఇదే. తిరిగి చెల్లించేదీ ఇక్కడే.

తెలుగు రాష్ట్రాల్లో

నీటి ప్రాజెక్టుల్లో సెంట్రల్ డిజైన్స్ ఆర్గనైజేషన్ ఆమోదించిన డ్రాయింగులతో పని చేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులకు షాప్ డ్రాయింగులు, బిమ్ (భవన సమాచార) మోడళ్లు తయారుచేసే సంస్థలు ఎన్నో ఉన్నాయి. రివిజన్ క్రమశిక్షణను రోజూ పాటించే యువ ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. అదే ఊళ్లో ఇళ్ల సైటులకు ఆ క్రమశిక్షణ ఇంకా పూర్తిగా చేరలేదు.

సొంత ఇళ్ల విషయంలో మార్పుకు పెద్ద కారణం వాస్తు. ముగ్గు పోసి, ఫుటింగులు వేశాక వచ్చిన సలహాతో మెట్లు నైరుతికి జరుగుతాయి, టాయిలెట్ మూల మారుతుంది. నమ్మకం ఇంటివారి ఇష్టం. అయితే మెట్లు జరిగితే బీములు మారతాయి, స్లాబులో ఖాళీ మారుతుంది, వాటర్ ట్యాంకు బరువు పడే కాలమ్‌లూ మారవచ్చు. వాస్తు చూపించుకోవాలంటే స్ట్రక్చరల్ డ్రాయింగు గీయించకముందే చూపించుకోవాలి. తర్వాత చూపించుకుంటే ఆ మార్పు మేస్త్రీ దగ్గరికి కాదు, ముందు ఇంజనీరు దగ్గరికి వెళ్లాలి.

భాష మరో సమస్య. డ్రాయింగు మీది నోట్సు ఇంగ్లీషులో ఉంటాయి. మేస్త్రీ తెలుగువాడు కావచ్చు, ఇనుము కట్టేవారు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు కావచ్చు. మార్పు నోటిమాటగా రెండు భాషలు దాటి వెళ్తుంది. మారిన భాగాన్ని ఆ ఉదయం సైటులోనే బొమ్మగా గీసి చూపించడం, మేస్త్రీ చేతనే తిరిగి చెప్పించడం ఏ యాప్‌కన్నా నమ్మదగిన పద్ధతి.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షను ప్రకారం ఆమోదం పొందిన ప్లాన్లను బిల్డరు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. భవనం లేఅవుటులో, ఉమ్మడి భాగాల్లో మార్పుకు కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి. నిర్మాణ సమయంలో జరిగిన మార్పులు నమోదు కాకపోతే ఈ హక్కుకు ఆధారం ఉండదు.

కట్టడం పూర్తయ్యాక

పని ముగిశాక నిజంగా కట్టినది కట్టినట్టు చూపే డ్రాయింగును యాజ్ బిల్ట్ అంటారు. పైపు ఎక్కడ తిరిగిందో, కేబుల్ ఏ గోడలో ఉందో, ఏ బీములో ఎంత ఇనుము ఉందో పదేళ్ల తర్వాత చెప్పేది అదొక్కటే. చివర్లో జ్ఞాపకం మీద గీసిన యాజ్ బిల్ట్ నమ్మదగింది కాదు. ప్రతి అంతస్తు ముగిసిన వారంలోనే ఎర్ర సిరా మార్పులన్నీ అందులోకి ఎక్కాలి. రెరా చట్టం 17వ సెక్షను ప్లాన్లను, పత్రాలను నివాసుల సంఘానికి అప్పగించే బాధ్యతను బిల్డరు మీదే పెట్టింది. స్థానిక చట్టం వేరే గడువు చెప్పకపోతే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లో అది జరగాలి. తాళంచెవులు తీసుకునే రోజున ఫ్లాటు యజమానులు టైల్స్, తలుపులు చూసుకుంటారు. చివరి రివిజన్ సంఖ్యలతో ఉన్న స్ట్రక్చరల్, ప్లంబింగ్, కరెంటు డ్రాయింగుల పూర్తి సెట్టును కూడా సంఘం పేరున అడిగి, సంతకం పెట్టించుకుని తీసుకోండి.